పాత కచేరీలో నాన్న బొమ్మ

బచేలీలో తెల్లారి బస్సెక్కిన కృపారాణి పాత కచేరీ ఉన్న ఊళ్ళో దిగేసరికి తొమ్మిదిన్నరయింది. వాన అప్పుడే తెరిపిచ్చింది. రోడ్డు పక్కన సమోసాల బండివాడు పొయ్యి మీద కప్పిన పట్టా తీస్తున్నాడు. ఆమెకి ఒక చేతిలో బ్రష్షుల సంచి, ఇంకో చేతిలో రంగు డబ్బాలు, భుజాన బట్టల బ్యాగు. "పాత కచేరీ ఎటు భయ్యా?" అంటే గడ్డంతో చూపించాడు.

"అక్కడేముంది? ఆఫీసంతా కొత్త బిల్డింగుకి వెళ్ళిపోయింది కదా" అన్నాడు హిందీలో.

"అందుకే నన్ను పిలిచారు" అంది కృప.

కచేరీ అంటే రాజుల కాలంలో కట్టింది. మూరెడు మందం గోడలు, ముందర కమానుల వరండా, పైన నల్లబడిన పెంకులు. తర్వాత చాలా ఏళ్ళు అందులోనే తహసీలు ఆఫీసు నడిచింది. ఇప్పుడు దాన్ని లైబ్రరీ చేస్తారట. ఆగస్టు పదిహేనుకి ప్రారంభం. ముందు హాల్లో గోడ నిండా ఒక బొమ్మ కావాలన్నారు తహసీల్దారు సాబ్. "బస్తర్ జీవితం కనపడాలి. దంతెవాడ రోడ్డు పక్కన రాళ్ళ మీద ఉంటాయి చూడు, ఆ తీరులో వెయ్యి" అన్నారు.

ఆ రాళ్ళు కృపకి చిన్నప్పటి నుంచీ తెలుసు. పోయినవాళ్ళ కోసం మారియా ఆదివాసులు నిలబెడతారు. మధ్యలో మనిషి, చుట్టూ గళ్ళు. ఒక గడిలో సైకిలు, ఒక గడిలో ఎడ్లు, ఒక గడిలో రేడియో. విమానం కూడా చూసింది ఒకసారి. బస్సు కిటికీలోంచి చూసి చూసి నోటు పుస్తకాల వెనక గీసుకునేది. బొమ్మలు ఆమెకి ఎవరూ నేర్పలేదు. మనిషి ముఖం నేర్చుకోవాలంటే గోడకున్న అద్దంలో తన ముఖమే చూసి గీసింది, ఏళ్ళ తరబడి. చర్చి గోడలు, స్కూలు గోడలు, చివరికి ఈ సర్కారీ గోడ.

నిజం చెప్పాలంటే, ఆ పని ఒప్పుకున్నప్పుడే ఆమె మనసులో ఒక దొంగ ఆలోచన ఉంది. మధ్యలో వేసే మనిషి వాళ్ళ నాన్న. పేరు సత్యమూర్తి. శ్రీకాకుళం నుంచి వచ్చి, ముప్ఫై ఏళ్ళు కిరండూల్ రైలు లైను మీద పట్టాలు బిగించే కీమేనుగా, భుజాన సుత్తితో పట్టాల వెంట నడిచినవాడు. భార్య పోయాక కూతుర్ని ఆ భుజం మీదే పెంచాడు. కృపకి అమ్మైనా నాన్నైనా ఆయనొక్కడే. ఆయన మాత్రం బస్తర్ మనిషి కాదా? ఏ సర్కారీ గోడ మీదా ఆయన బొమ్మ ఎక్కలేదు. ఎక్కించాలి. ఎవరితోనూ చెప్పలేదు. ప్రారంభం రోజు తీసుకొచ్చి చూపించాలని.

కాపలాదారు మాడ తాళాలు తీశాడు. యాభై దాటినవాడు, మరైగూడ వైపు మనిషి, నోట్లో ఆరిపోయిన చుట్ట.

"ఏంది, ఆడపిల్లను పంపిండ్రు? నిచ్చెన ఎక్కుతవా?"

"మా నాన్న వంతెన మీద పట్టాలెక్కి నడిచాడు. నేను నిచ్చెనెక్కలేనా, పెద్దయ్యా?"

"పడితే నా మీద కేసయితది."

"పడేదీ మీ మీదే. కేసెందుకు, ఇద్దరం ఆసుపత్రిలోనే ఉంటాం కదా."

మాడ నవ్వాడు. ఆమె గోడకి సున్నం కొడుతున్నంతసేపూ వెనకాల లోపలి గది గడప మీద కూర్చుని కబుర్లు చెప్పాడు. మధ్యాహ్నం లేచి, "నాట్లున్నయి బిడ్డా, ఊరికి పోత. నడుమ నడుమ వచ్చి చూసి పోత" అని తాళాల గుత్తి ఆమె చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్న ఊళ్ళో దిగిన గది నుంచి ఒక్కతే వచ్చి బొమ్మ మొదలుపెట్టింది కృప. మళ్ళీ ముసురు పట్టింది. హాల్లో వెలుగు బియ్యం కడిగిన నీళ్ళలా ఉంది. తడి సున్నం వాసన, గబ్బిలాల వాసన, పాత కాగితాల చెద వాసన. పెంకుల మీంచి ఎక్కడో చుక్క పడుతోంది. టప్... టప్. నాన్న ముఖం రెండు గంటల్లో అయిపోయింది. కనుబొమ్మ మీద గాటుతో సహా వచ్చేసింది. భుజాన సుత్తి పెట్టింది. అటు మూడు, ఇటు మూడు, మొత్తం ఆరు గళ్ళు గీసింది.

మొదటి గడిలో ఏం వెయ్యాలా అని బ్రష్షు పట్టుకుని నిలబడింది.

"టీ" అన్నారెవరో వెనక నుంచి. "టీ అంటే ప్రాణం."

కృప నవ్వుకుంది. బ్రష్షు నిండా రంగున్నప్పుడు ఆమె వెనక్కి తిరగదు. తిరిగితే గీత వణుకుతుంది. "వచ్చేశారా పెద్దయ్యా? టీ అంటే ఎవరికి ప్రాణం కాదు?" అంటూ స్టీలు గ్లాసు, దాని కింద సాసరు వేసింది. దిగి చూసేసరికి గడప ఖాళీ. నాట్లకి పరుగెత్తాడనుకుంది.

సాయంత్రం గేటు దగ్గరకి వెళ్ళి ఫోన్ చేసింది. సిగ్నలు అక్కడే వస్తుంది. నాన్న చెల్లెలు, వాళ్ళింట్లోనే ఉండే పైడమ్మత్త ఎత్తింది.

"ఏటో గానే, మీ నాన టీ ముట్టలేదీయేళ. నోటికాడికి ఎత్తి దింపీసినాడు. మట్టి వాసనొస్తందట."

"పాలు విరిగాయేమో అత్తా."

"నాను తాగలేదేటి? బాగానే ఉన్నాయి."

మూడో రోజు పొద్దున్న రెండో గడి. వెనక నుంచి మాట మెల్లగా వచ్చింది. "సైకిలు. ఎర్ర సైకిలు. ముందర చిన్న సీటు." ఆ చిన్న సీటు మీద కృపే కూర్చునేది. మాడకి తనే చెప్పి ఉంటుంది. మొన్న సున్నం కొడుతూ ఏవేవో వాగింది కదా. వేసింది. మూడో గడికి, "నెత్తళ్ళు. ఎండువి. చింతకాయ వేసి." ఆమెకి నోరూరింది. నవ్వుతూ వేసింది. నాలుగో గడికి, "డోలు. ఆదివారం చర్చిలో వాయించేది."

అప్పుడొకసారి బ్రష్షు ఆగింది. తడిసిన కంబళి వాసన... చాలా రోజులు మూసిపెట్టిన కంబళి వాసన మెడ దాకా వచ్చింది.

"చుట్ట మానేశారా పెద్దయ్యా?" అంది.

పెంకుల మీంచి చుక్క పడుతోంది.

సాయంత్రం ఫోనులో పైడమ్మ గొంతు తగ్గింది. "కృపా, ఆదివారం కదా అని గుడికెళ్దారి రమ్మంటే డోలు నాకెందుకే అన్నాడు. గోడకున్న సైకిలు చూసి ఇది ఎవులది అని అడిగినాడే. నెత్తళ్ళు ఏపుతుంటే డోకొచ్చింది. జొరం లేదు. డాక్టరు చూసి అన్నీ బాగున్నాయన్నాడు. ఊరికే... గోడొంక చూస్తన్నాడు."

"నాన్నకియ్యి."

అటు నుంచి శ్వాస వినపడింది. తర్వాత, "ఎవులూ?"

"నేను, నాన్నా."

"ఊఁ" అన్నాడు. ముందు ఫోను పెట్టేసేది ఎప్పుడూ ఆయన కాదు. ఆ రోజు పెట్టేశాడు.

నాలుగో రోజు పొద్దున్నే బయల్దేరి వెళ్ళిపోవాల్సింది. కానీ బస్సు పన్నెండింటికి. అప్పటికి మిగిలిన రెండు గళ్ళూ వేసేస్తే మళ్ళీ రానక్కర్లేదు అనుకుంది. అక్కడ చేసింది తప్పు.

ఐదో గడికి మాట చాలా దగ్గరగా వచ్చింది. నిచ్చెన కింద నుంచి.

"ఎర్ర రిబ్బను. పెట్టెలో, అంగీ మడత లోపల. ఎవరికీ చూపించడు."

కృప చెయ్యి వేసేసింది. వేశాక ఆలోచించింది. నాన్నకి ఎర్ర రిబ్బనేమిటి? తనకి తెలియనిది మాడకెలా తెలుసు?

దిగి గేటు దాకా పరుగెత్తింది. "అత్తా, నాన్న పెట్టెలో రిబ్బనుందా?"

"నీకెవులు సెప్పినారే? అది మీ అమ్మది. నాకు తప్ప ఎవులికీ తెలీదు. ఇందాక పెట్టె తీసి, ఈ గుడ్డపీలికేటి అని బయట పారేసినాడు. నానే ఏరి దాసినాను. కృపా... మీ నాన పొద్దుట్నుంచి నీళ్ళు కూడా ముట్టలేదు. కళ్ళు తెరిసే ఉన్నాయి. రెప్పెయ్యడం లేదు. నువ్వొచ్చీ అమ్మా."

ఫోను జేబులో పెట్టుకుంటుంటే గేటు తోసుకుని మాడ వచ్చాడు. మోకాళ్ళ దాకా బురద, నెత్తిన గొంగడి.

"ఏం అనుకోకు బిడ్డా. నడుమ వస్తనన్న గానీ కుదరలే. మూడు రోజులాయె ఊరికి పోయి, ఇదే రావడం."

కృపకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది.

"మీరు... రాలేదా? అసలు?"

"నాటు సగంల వదిలి ఎట్ల వస్త?"

మరి చెప్పిందెవరు? ఆ గొంతు గుర్తు తెచ్చుకోబోయింది. మాటలన్నీ గుర్తున్నాయి. ఏ భాషలో చెప్పాడో మాత్రం గుర్తు రాలేదు. తెలుగా? హిందీనా? ఇక్కడివాళ్ళ హల్బీయా? ఏదీ కాదు. అర్థమైంది, అంతే.

మాడ హాల్లోకి వచ్చి గోడ చూశాడు. చుట్ట నోట్లోంచి తీశాడు.

"ఎవరిది ఈ రాయి? ఎన్నడు పోయిండు?"

"పోలేదు. మా నాన్న. ఇంట్లో ఉన్నాడు."

మాడ ఆమెని మోచెయ్యి పట్టుకుని వరండాలోకి లాక్కొచ్చాడు. గొంతు తగ్గించాడు.

"మా అమ్మోళ్ళది దంతెవాడ దిక్కు. రాయి మీద బొమ్మ రాసేటప్పుడు చూసిన నేను. రాసేటోడు ముందట కూసుంటడు. చుట్టాలు వెనక నిలబడి చెప్తరు. మా అయ్యకు సైకిల్ అంటే ఇష్టం, సైకిల్ వెయ్యి. కల్లంటే ఇష్టం, కల్లు ముంత వెయ్యి. రాసిన వస్తువు ఆయన వెంట పోతది. ఇగ ఆయన దాని కోసం ఇంటికి రాడు. అర్థమైందా? బతికున్నోనికి రాయి రాస్తరా ఎవరన్న?"

"నేను... చుట్టాలెవరూ చెప్పలేదు. లోపలెవరో..."

మాడ లోపలి గది వైపు చూశాడు. ఇనప కడ్డీల తలుపు, దాని ముందర గడప.

"అది హవాలాత్. పట్టుకొచ్చినోళ్ళను పెట్టే గది. మా తాత చెప్పేటోడు. రాజుల కాలంల ఎవర్నో పెట్టిండ్రట. వానలు. వాగు పొంగింది. ఇంటోళ్ళు దాటి రాలేకపోయిండ్రు. నీళ్ళు తగ్గేటాళ్ళకు వాడు లేడు. యాడ పూడ్చిండ్రో తెల్వదు. రాయి లేదు. వెనక నిలబడి చెప్పెటోడు లేడు." చుట్ట చెవిలో దోపుకున్నాడు. "నువ్వు రాయి తయారు చేసినవు. మనిషి బతికున్నడు, గళ్ళు ఖాళీ ఉన్నయి. వాడు నింపుతున్నడు. ఇంకెన్ని?"

"ఒక్కటి."

"నింపకు."

"చెరిపేస్తాను. అంతా కడిగేస్తాను."

"ఓ పిచ్చిదానా, చెరుపుతే మీ అయ్యవి అటూ ఉండవు, ఇటూ ఉండవు. గడి ఎవరిదో ఒకరిది కావాలె. మార్చు. పోయినోనికి ఇయ్యి. గళ్ళూ మార్చు, మనిషినీ మార్చు."

"ఎవరికివ్వను?"

మాడ కడ్డీల తలుపు వైపు చూసి, మళ్ళీ కృప వైపు చూశాడు.

"మీరు నాతో ఉండండి పెద్దయ్యా."

"నేనుండొద్దు. వెనక నిలబడ్డోణ్ణి చుట్టం అనుకుంటడు." వెళ్ళి గేటు దగ్గర వానలో నిలబడ్డాడు.

కృప లోపలికొచ్చింది. నిచ్చెన ఎక్కింది. పట్టపగలు పన్నెండు గంటలు. హాల్లో మాత్రం మసక. చుక్క పడడం ఆగిపోయింది. వాన శబ్దం కూడా దూరంగా వెళ్ళింది.

కంబళి వాసన వచ్చింది.

"ఆఖరి గడి" అన్నాడు. "ఆయనకి..."

"ఆగు" అంది కృప. గోడ వైపే చూస్తూ. "ఆయన సంగతి వద్దు. నీకు ఏమంటే ఇష్టం?"

బ్రష్షు సున్నంలో ముంచింది.

"నిన్నే. నీకేం ఇష్టం? చెప్పు. వేస్తాను."

వెనక నుంచి పెద్దగా ఊపిరి తీసుకున్న చప్పుడు. ఎన్నేళ్ళో ఊపిరి తియ్యనివాడు తీసుకున్నట్టు.

"ఎవరూ అడగలే."

"నేనడుగుతున్నా."

"అంబలి" అన్నాడు. "సొరకాయ బుర్రలో."

టీ గ్లాసు మీద సున్నం పూసింది. తడి ఆరకముందే సొరబుర్ర వేసింది. "ఇంకా?"

"ఇప్పపూలు. తెల్లారకముందు. నేలంతా."

సైకిలు మీద సున్నం. పూలు.

"నల్లకోడి... ఉరికితే దొరకదు." నెత్తళ్ళ మీద కోడి.

"చేపల బుట్ట. నేనే అల్లిన." డోలు మీద బుట్ట.

"నిప్పు. చలికాలం, అందరం చుట్టూ..." రిబ్బను మీద నిప్పు.

చెయ్యి ఆగకుండా నడుస్తోంది. చెమట కళ్ళలోకి దిగుతోంది. ఒక్కొక్కటి వేస్తుంటే గొంతు మారుతోంది. మొదట రాయిలా ఉన్న గొంతు మెత్తబడుతోంది. ఆ మెత్తదనమే ఎక్కువ భయపెట్టింది ఆమెని.

"ఆరోది?"

"బిడ్డ."

కృప బ్రష్షు ముంచింది.

"ఆడపిల్ల. ఇంతే ఉండె. నన్ను తీసుకపోయేటప్పుడు ఎనక ఉరికొచ్చింది."

చిన్న పిల్ల, రెండు జడలు, చాచిన చెయ్యి. ముఖం దగ్గర ఆగింది. "ముఖం ఎలా ఉంటుంది?"

జవాబు లేదు. మర్చిపోయాడా? ఏడుస్తున్నాడా? వెనక్కి తిరగాలనిపించింది. తిరగలేదు. తెలియని ముఖం వెయ్యాల్సి వస్తే ఆమె చేతికి వచ్చేది ఒక్కటే. అద్దంలో నేర్చుకున్న తన ముఖం. గబగబా అదే వేసేసింది.

ఇక మధ్యలో మనిషి. సుత్తిని గొడ్డలి చేసింది. నెత్తికి పాగా చుట్టింది. చొక్కా తీసేసి గోచీ పెట్టింది. సున్నం బ్రష్షు ముఖం దాకా తీసుకెళ్ళింది. కనుబొమ్మ మీద గాటు. ఆ కళ్ళు. నాన్న అక్కడ బొమ్మలో కాదు, ఇంట్లో రెప్పెయ్యకుండా పడి ఉన్నాడు. ఆ ముఖం మీద సున్నం పెట్టడానికి చెయ్యి రాలేదు. పాగా కిందికి లాగింది కదా, చాలు. ఎవరు పోలుస్తారు? చాలు.

"అయిపోయింది" అంది.

కంబళి వాసన లేదు. ఒక్కసారిగా పెంకుల మీద వాన చప్పుడు దబదబా వచ్చి పడింది.

గేటు దగ్గర మాడ నిలబడే ఉన్నాడు. ఆమె ఫోను తీసేలోపే అదే మోగింది.

"కృపా! లేసినాడే!" పైడమ్మ ఏడుస్తూ నవ్వుతోంది. "టీ యెయ్యవే అని అరుస్తన్నాడు. రెండు గ్లాసులు తాగీసినాడు. సైకిలుకి గాలి లేదేటి అని నా మీద ఇరుసుకు పడతన్నాడు."

కృప అక్కడే బురదలో కూలబడి ఏడ్చింది. మాడ పక్కకి తిరిగి చుట్ట ముట్టించుకున్నాడు. "మనిషినీ మార్చినవా?" అని అడిగాడు.

"మార్చాను" అంది కృప.

పన్నెండింటి బస్సు పోయింది. రెండింటి బస్సు దొరికింది. కిటికీ పక్క సీటు. దారి పొడుగునా వాన లేదు. గీదం దాటాక ఎండ కూడా కాసింది. అయిదున్నరకి బచేలీలో దిగి కాలనీ దాకా పొడి రోడ్డు మీద నడిచింది. మెట్ల దగ్గర చెప్పులు విడిచింది.

నాన్న గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. చేతిలో టీ గ్లాసు. ముఖం నిండా రక్తం తిరిగింది. పక్కన సైకిలు, గాలి కొట్టి ఉంది. ఆమెని చూడగానే ఆయన ముఖం ఎంత వెలిగిందంటే, కృప పుట్టి బుద్ధెరిగాక అంత వెలుగు ఆ ముఖంలో చూడలేదు. ఎన్నో ఏళ్ళుగా ఎదురు చూస్తున్నవాడిలా గ్లాసు కింద పెట్టి, రెండు చేతులూ చాచాడు.

"ముయె!" అన్నాడు.

అది మారియా ఆడపిల్లల పేరు. ఆ పేరు గల మనిషి వాళ్ళ ఇంట్లో లేదు. వాళ్ళ కాలనీలో లేదు. ఎవరిని పిలిచావు నాన్నా అని అడగాలనుకుంది. ఈలోపే నోరు దానంతటది తెరుచుకుంది.

"వచ్చేశా" అంది.

లోపలి నుంచి పైడమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, కృప కాళ్ళ వైపు చూసి ఆగిపోయింది.

"అదేటే? ఎక్కడ దిగినావు? ఇక్కడ నాలుగు దినాల్నుంచి సినుకు లేదు కదే!"

కృప కిందికి చూసుకుంది. మోకాళ్ళ దాకా తడి. మెట్ల మీద ఆమె నడిచిన జాడలన్నీ నీళ్ళు. కాలివేళ్ళ సందుల్లోంచి సన్నటి వాగు ఇసుక ఇంకా జారుతోంది.